వెనకగదిలో గుటక

అక్కాచెల్లెళ్లిద్దరిదీ బట్టలు ఉతికి ఇస్త్రీ చేసి ఇచ్చే దుకాణం. ముందుగదిలో కౌంటరు, ఇస్త్రీ బల్ల, తీగలకు వేలాడే చొక్కాలు. మధ్యగదిలో ఉతికే మిషను, నీళ్లు కాగే బాయిలరు, జాడించే తొట్లు. ఆ వెనక ఇంకో గది ఉంది. దాని తలుపుకు అడ్డంగా దుప్పట్ల బీరువా నిలబెట్టి ఉండేది. బీరువా అడుగున చక్రాలున్న సంగతి ఆ ఇద్దరికి తప్ప మూడోమనిషికి తెలియదు.

వెనకగదిలో ఉన్నవి లోకంలో మామూలుగా కనిపించే జంతువులు కావు. రాతితొట్టిలో ఒక తాబేలు ఉండేది. ఎండాకాలంలో కూడా దాని డిప్ప మీద సన్నటి తుంపర పడుతూనే ఉండేది. ఆ నీళ్లలో జాడించిన తెల్లచొక్కాలు పాలనురుగులా మెరిసేవి. ఏం సబ్బు వాడుతున్నారని అడిగినవాళ్లకు చెల్లెలు రోజుకో పేరు చెప్పేది. సున్నం గోడ మీద నీడపిట్టలు ఎగిరేవి. నీడలే తప్ప పిట్టలు కంటికి ఆనవు; కిటికీలో వేసిన రొట్టెముక్కలు మాత్రం మాయమైపోయేవి. మధ్యగదిలో బాయిలరు కింద బూడిదలో పడుకునే నిప్పుబల్లి కూడా వీళ్లదే. దానికి ముక్కు మీదే కోపం. అది అలిగినరోజు ఎంత కట్టెపెట్టినా నీళ్లు కాగేవి కావు.

అన్నీ దెబ్బలు తగిలో, ఎవరో తరిమేస్తేనో వచ్చినవే. ఒకటి వరదనీళ్లలో కాలవ వెంట కొట్టుకొచ్చింది. ఒకటి ఎవరిదో దుప్పట్ల మూటలో ముడుచుకుని వచ్చింది. ఈ పని మొదలుపెట్టింది వాళ్లమ్మ. ఆవిడ పోయాక కూతుళ్లు వదిలిపెట్టలేదు. పేర్లు పెట్టడం, ముద్దుచేయడం చెల్లెలి వంతు. మందు వేయడం, కట్టు కట్టడం, తిట్టడం అక్క వంతు.

ఎవరికీ చెప్పకూడదన్నది ఆ ఇంటి కట్టుబాటు. అది అక్క పెట్టింది కాదు. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు, చెల్లెలికి ఇంకా నడక రానప్పుడు, వెండిబొచ్చున్న జీవమొకటి వెనకగదిలో ఈనలేక అల్లాడిపోయింది. అమ్మ ఒక్కతికీ చేతకాక పక్కింటావిడను పిలిచింది. ఆవిడ మంచిదే. చేయాల్సిన సాయమంతా చేసింది. ఇంటికి వెళ్లి ఆశ్చర్యం పట్టలేక భర్తకు చెప్పింది. పొద్దుగూకేలోగా గుమ్మంలో జనం. వాళ్లలోనూ చెడ్డవాళ్లెవరూ లేరు, భయపడ్డారంతే. ఆ భయంలో ఎవరి చేతిలోని కర్రో లేచింది. జనమంతా వెళ్లిపోయాక అమ్మ నేల కడుగుతూ, "ఇంకెప్పుడూ, ఎవరికీ చెప్పొద్దమ్మా" అంది. చెల్లెలికి అది విన్న కథ. అక్కకు కళ్లముందు జరిగినది.

ఇక గుటక సంగతి. కొన్నేళ్ల కిందట చెల్లెలు రైల్వే ఆసుపత్రి దుప్పట్లు తేవడానికి వెళ్లి, స్టేషను గోడ పక్కన నడుస్తోంది. గోడ అవతల గూడ్సుబండి పోతోంది. చప్పుడు లేదు. పెట్టె తర్వాత పెట్టె, కలలో పోతున్నట్టు పోతోంది. తన చెవులకేమైందోనని ఆమె తల విదిలించుకుని చుట్టూ చూస్తే, గోడ మొదట్లో తడిసిన కంబళి ముద్దలా ఏదో పడి ఉంది. దగ్గరికెళితే కళ్లు తెరిచింది. మేకంత ఒళ్లు, బూడిదరంగు దట్టమైన బొచ్చు, అరిటాకుల్లాంటి రెండు చెవులు, వెనకకాలికి లోతైన గాయం. దాని పక్కన నిలబడి "అయ్యో" అన్నది ఆమెకే వినపడలేదు. ఆ "అయ్యో" పోయినచోట చెవులు రెండూ కొద్దిగా కదిలాయి, ఎవరో ఒక గుటక వేసినట్టు.

అలా దానికి ఆ పేరు వచ్చింది. దానికి గడ్డి వద్దు, గింజ వద్దు. చప్పుళ్లే దాని తిండి, చెవులతోనే తాగేది. అది ఉన్నచోట ఏ మోతా వినపడేది కాదు కనుక వెనకగదిలో అక్కాచెల్లెళ్లు సైగలతో మాట్లాడుకునేవారు. అక్క తిట్లు చెవిన పడని చోటు ఇంట్లో ఇదొక్కటేనని చెల్లెలు మురిసిపోయేది. కాలు మానింది కానీ కుంటు మిగిలిపోయింది. గుటక అక్కడే ఉండిపోయింది.

ఈమధ్యనే వాళ్ల పాత ఉతికే మిషను మోటారు కాలిపోయి మూలపడింది. దాన్ని పాత ఇనుముకు వేసి కొత్తది తెచ్చారు. చెయ్యి ఆనిస్తే తప్ప తిరుగుతున్నదీ లేనిదీ తెలియనంత నెమ్మదైన మిషను. చెల్లెలు వచ్చినవాళ్లందరికీ దాన్ని కొత్తకోడలిని చూపించినట్టు చూపించింది.

మేడమీద ఒక వయొలిన్ టీచరు ఉండేవారు. ఒంటరి మనిషి. సాయంత్రాలు పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ బతికేవారు. అక్కను పెద్దమ్మాయీ అని, చెల్లెల్ని చిన్నమ్మాయీ అని పిలిచేవారు. ఒకరోజు ఆవిడ దిండుగలీబులు పట్టుకుని కౌంటరు దగ్గరికి వచ్చారు. మనిషి సగమైపోయారు.

"ఒంట్లో బాగాలేదా టీచరుగారూ?" అని అడిగింది చెల్లెలు.

"ఒళ్లు బాగానే ఉంది. బుర్రే పాడైంది."

"అదేం మాట!"

"మరేమనుకోమంటావు చిన్నమ్మాయీ? నువ్వు మాట్లాడేది ఇక్కడ చక్కగా వినపడుతోంది. డాక్టరు దగ్గర గోడగడియారం టిక్కుటిక్కు కూడా వినపడింది. చెవులు భేషుగ్గా ఉన్నాయన్నాడు. మేడెక్కి మా ఇంట్లో అడుగుపెడితే చాలు, ఎవరో చెవుల్లో దూది కుక్కినట్టే. కమాను పట్టుకుని తీగ మీద లాగుతాను. చెయ్యి కదులుతుంది, తీగ వణుకుతుంది, పలకదు."

"పిల్లలు... పిల్లలకు కూడా అంతేనా?"

"అంతేనంటారు. ముసలావిడ మనసు నొచ్చుకుంటుందని నాకు వంత పాడుతున్నారేమో, ఎవరికి తెలుసు? సగంమంది మానేశారు. ఆ ఇంటికేదో పట్టిందంటున్నారట పెద్దవాళ్లు." ఆవిడ గలీబులు ఒక్కొక్కటే మడతపెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ మడతపెట్టారు. "చెవులు బాగున్నాయని డాక్టరే చెప్పాక, ఇంక చెడింది బుర్రే కదమ్మా."

టీచరుగారి పాఠాలగది సరిగ్గా వెనకగది మీదే ఉంది.

ఆవిడ వెళ్లగానే మధ్యగదిలో ఉన్న అక్కను ముందుగదికి లాక్కొచ్చి చెప్పింది. అక్క చేతిలో పిండుతున్న దుప్పటిని అలాగే పట్టుకుని విన్నది.

"మన గుటకే అక్కా. ఆవిడ సంగీతమంతా తాగేస్తోంది. ఆవిడేమో పిచ్చెక్కిందనుకుంటోంది. ఇప్పుడే వెళ్లి చెప్పేద్దాం."

"చెప్పేదేం లేదు."

"అక్కా!"

"దాన్ని చోటు మారుద్దాం. కప్పుకు పరుపులు కొడదాం. ఏదో ఒకటి చేద్దాం. చెప్పడం మాత్రం కుదరదు."

"ఆవిడ అలాంటి మనిషి కాదు."

"పక్కింటావిడ కూడా అలాంటి మనిషి కాదు" అంది అక్క.

వెనకగది కప్పుకు పాత పరుపులన్నీ మేకులతో బిగించారు. లాభం లేకపోయింది. మెట్ల కింద ఉన్న ఇరుకు అరలోకి గుటకను మార్చారు. అక్కడ పెట్టినప్పటినుంచీ అది చెవులు నేలమీద వాల్చేసింది. బొచ్చు కుచ్చులు కుచ్చులుగా రాలడం మొదలైంది. చెల్లెలు దాని తల ఒళ్లో పెట్టుకుని, గొంతు బొంగురుపోయేదాకా పాటలు పాడింది. ఏం పాడిందో ఇంట్లో ఎవరికీ తెలియదు. చివరికి అక్కే దాన్ని భుజాన వేసుకుని తిరిగి వెనకగదికి తెచ్చి, కప్పుకు కొట్టిన పరుపులు పీకేసింది. చెల్లెలి వైపు చూడకుండా ఆ పని చేసింది.

ఉతికిన గలీబులు ఇచ్చిరావడం చెల్లెలి పని. ఆ రోజు అక్క వాటిని తీసుకుని తనే మేడెక్కింది. ఎందుకు వెళుతున్నదో ఆమెకే స్పష్టంగా తెలియదు. తలుపు తట్టింది. తట్టిన చప్పుడు రాలేదు. తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది.

సాయంత్రపు ఎండ గదిలో ఏటవాలుగా పడుతోంది. పిల్లలు కూర్చునే చాపలు చుట్టి గోడకు చేరవేసి ఉన్నాయి. టీచరుగారు కిటికీ వైపు తిరిగి, కళ్లు మూసుకుని వయొలిన్ వాయిస్తున్నారు. గదిలో ఈగ వాలిన చప్పుడు కూడా లేదు. ఆవిడ వాయించడం ఆపి, చెక్కమీద చెంప ఆనించి, ఒకచేత్తో తీగ మీటారు. ఆ వణుకును చెంపతో పట్టుకోవాలని చూస్తున్నారని అక్కకు అర్థమైంది. మీటారు, ఆగారు, మళ్లీ మీటారు. తర్వాత వయొలిన్‌ను పెట్టెలో పడుకోబెట్టి, మెత్తటి గుడ్డ కప్పి, మూత వేశారు. వెనక్కి తిరిగి అక్కను చూసి ఉలిక్కిపడ్డారు.

ఇద్దరూ మాట్లాడుకోవాలంటే మెట్లమీదికి రావలసి వచ్చింది. అక్కడైతే మాట కాస్త వినపడుతుంది. టీచరుగారు వయొలిన్ పెట్టె కూడా పట్టుకొచ్చారు.

"నువ్వొచ్చావేం పెద్దమ్మాయీ? సరే, వచ్చినదానివి ఈ పెట్టె కిందికి తీసుకెళ్లి పెట్టు. నా దగ్గర నేర్చుకున్న పిల్ల ఒకతి రేపు వచ్చి పట్టుకెళుతుంది. నాకింక దీంతో పనిలేదు."

అక్క పెట్టె అందుకోలేదు. మెట్టుమీద కూర్చుంది.

"మీ చెవులు బాగానే ఉన్నాయి టీచరుగారూ. బుర్ర కూడా బాగానే ఉంది. తప్పంతా మాది."

టీచరుగారు ఆమెను ఎగాదిగా చూశారు.

"మా ఇంట్లో ఒకటుంది. అది చప్పుళ్లు తింటుంది" అంది అక్క.

"నా చెవిలో పువ్వులు పెడుతున్నావా?"

"రండి. చూపిస్తాను."

బీరువా పక్కకు దొర్లింది. తాబేలు మీది తుంపర, గోడమీద ఎగిరే నీడలు, వాటన్నిటి వెనక మూలన కుప్పకూలినట్టు గుటక, దాని పక్కన నోరు వెళ్లబెట్టి చెల్లెలు. టీచరుగారు గుమ్మం దాటలేదు. ఆవిడ పెదాలు కదిలాయి. ఏమన్నారో గుటక తాగేసింది. వెనక్కి నడిచి ముందుగదిలోకి వచ్చాక గానీ ఆవిడ మాట వినపడలేదు.

"ఎప్పటినుంచి తెలుసు మీకు?"

"మీరు చిన్నదానితో బాధ చెప్పుకున్నప్పటినుంచి."

"అంటే తెలిసీ ఊరుకున్నారు. నాకు పిచ్చెక్కిందని నేను రోజూ ఏడుస్తుంటే, కింద కూర్చుని నా గలీబులు ఇస్త్రీ చేశారు."

"అవును" అంది అక్క.

"దానికి నోరులేదు, తెలియదు. నీకు నోరుంది కదా!" అని టీచరుగారు విసురుగా మెట్లెక్కి వెళ్లిపోయారు. తలుపు వేసిన చప్పుడు వినపడకపోయినా, కప్పునుంచి కొంచెం సున్నం రాలింది.

ఆ సాయంత్రం అక్క దుకాణం తొందరగా మూసేసి, కిటికీ దగ్గర కూర్చుంది. వీధిలో నలుగురు కలిసి నడిచొస్తే చాలు, లేచి నిలబడేది. చెల్లెలు వచ్చి పక్కన చేరింది.

"నువ్వే చెబుతావనుకోలేదక్కా."

"నేనూ అనుకోలేదు."

"ఎవరైనా వస్తే?"

"వస్తే నేను గుమ్మంలో నిలబడతాను. నువ్వు తాబేలును బుట్టలో పెట్టుకుని పెరటి తలుపులోంచి పో."

"గుటకనో? నిప్పుబల్లినో? ఎన్నిటినని మొయ్యాలి, నాకేమన్నా పది చేతులున్నాయా?" అంది చెల్లెలు. అంత భయంలోనూ ఇద్దరికీ నవ్వొచ్చింది. ఎవరూ రాలేదు.

పొద్దున దుకాణం తెరిచేసరికి గుమ్మంలో టీచరుగారు నిలబడి ఉన్నారు. కళ్లు ఉబ్బి ఉన్నాయి. చేతిలో వయొలిన్ పెట్టె.

"నేనింకా కోపంగానే ఉన్నాను" అన్నారు ముందుగా. "కానీ ఒకటి తెలుసుకోవాలి. అది అన్ని చప్పుళ్లూ తింటుందా, ఏరుకుని తింటుందా? నా సంగీతమే దానికి దొరికిందా, లేక ఏది పడితే అదేనా?"

ఆ సంగతి అక్కాచెల్లెళ్లు ఎన్నడూ ఆలోచించలేదు. బీరువా జరిపి, మధ్యగదిలో నిలబడి టీచరుగారు వాయించడం మొదలుపెట్టారు. గుటక చెవులు నెమ్మదిగా ఆవిడవైపు తిరిగాయి. కమాను ఆడుతోంది, స్వరం లేదు. ఆవిడ మొహం మళ్లీ వాడిపోతుంటే చూడలేక అక్క మంచినీళ్లు తేబోయి, దారిలో ఉన్న ఇనప బకెట్టును తన్నుకుంది. బకెట్టు దొర్లుకుంటూ, నేలను గీరుకుంటూ వెళ్లి తొట్టికి గుద్దుకుంది.

అది దొర్లినంతసేపూ వయొలిన్ వినపడింది.

ముగ్గురూ బొమ్మల్లా నిలబడిపోయారు. బకెట్టు మోత ఎవరికీ వినపడలేదు. పాట మాత్రం తేటగా, కన్నీళ్లొచ్చేంత తేటగా వినపడి, బకెట్టు ఆగగానే ఆగిపోయింది.

"మళ్లీ తన్ను" అన్నట్టు టీచరుగారు కాలితో సైగ చేశారు.

అక్క మళ్లీ తన్నింది. మళ్లీ పాట వచ్చింది. చెల్లెలు పళ్లెం తీసుకుని గరిటెతో బాదింది. అక్క రెండు మూతలు తెచ్చి ఒకదానికొకటి కొట్టింది. చెవులు చిల్లులు పడాల్సిన ఆ మోతంతా ఎక్కడికి పోతోందో గానీ, ఆ గదిలో వయొలిన్ ఒక్కటే పలుకుతోంది. గుటక తల ఎత్తింది. వాల్చేసిన చెవులు నిక్కబొడిచింది. ఎన్నాళ్లకో మంచిభోజనం దొరికినవాడిలా గుటకమీద గుటక వేస్తోంది. చెల్లెలు పళ్లెం బాదుతూ ఏడుస్తోంది, ఏడుస్తూ నవ్వుతోంది. టీచరుగారు కళ్లు మూసుకుని, ఆపకుండా వాయించారు.

చేతులు పడిపోయాక ముగ్గురూ ముందుగదిలో చతికిలబడ్డారు.

"దానికి మోత కావాలి. గరగర, దబదబ, అలాంటివి. అవి దొరక్కపోతేనే నా పాటమీద పడింది. ఆకలేస్తే ఎవరైనా అంతే" అన్నారు టీచరుగారు. "ఇన్నేళ్లూ దాన్ని దేంతో మేపారు?"

చెల్లెలు తలమీద చెయ్యి పెట్టుకుంది. "పాత మిషను! అక్కా, మన పాత మిషను! అది తిరుగుతుంటే ఇంట్లోంచి రైలు పోతున్నట్టుండేది. తర్వాత్తర్వాత ఆ గోల తగ్గింది, మనకి అలవాటైపోయిందనుకున్నాం. అలవాటు కాదు, గుటక తినేది. మనం దాని కంచం తీసేసి పాత ఇనుముకు వేశాం!"

"నేనే కొనిపించాను ఆ కొత్తదాన్ని" అంది అక్క నెమ్మదిగా.

"ఇద్దరం కొన్నాం" అంది చెల్లెలు.

రోజంతా పళ్లేలు బాదుతూ కూర్చుంటే బట్టలెవరు ఉతుకుతారు? కొన్నాళ్లు ముగ్గురూ వంతులవారీగా బాది చూశారు. టీచరుగారు కమాను పట్టే చెయ్యి నొప్పిపెడుతోందని ఎడమచేత్తో బాదేవారు. అలా కుదరదని అందరికీ తెలిసిపోయింది. గుటకకు నిత్యం మోత ఉండే చోటు కావాలి.

ఆ చోటు వీధి చివరే ఉంది. అక్కడ రేకుల బాబాయి దుకాణం. బకెట్లు, గరాటులు, ట్రంకుపెట్టెలు, పొగగొట్టాలు చేస్తాడు. సుత్తి ఎత్తాడంటే పక్క ఇళ్లవాళ్లు పళ్లు కొరికేవారు. దుకాణం ఎత్తెయ్యమని చుట్టుపక్కలవాళ్లు ఎన్నోసార్లు గొడవకు వచ్చారు. మసి మరకల పనిబట్టలు అక్కాచెల్లెళ్ల దగ్గరే ఉతికించుకునేవాడు.

ఆయనకు చెప్పడానికి అక్క ఒక్కతే వెళ్లింది. "నేను వెళ్తాలే" అని చెల్లెలు అన్నా వినలేదు. వెళ్లి, రేకుల మధ్య నిలబడి, మొదటినుంచీ చెప్పింది. అమ్మ రోజుల్లో జరిగినది కూడా చెప్పింది. ఆయన సుత్తి ఒళ్లో పెట్టుకుని, మధ్యలో అడ్డురాకుండా విన్నాడు.

"కరుస్తుందా తల్లీ?"

"కరవదు బాబాయ్. దానికి పళ్లే లేవు."

"తిండి?"

"నీ చప్పుడే."

ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఇన్నేళ్లనుంచి ఈ చప్పుడికి తిట్లు తిన్నాను. దీంతో ఒకరి కడుపు నిండుతుందని చెప్పినదానివి నువ్వొక్కదానివే. తీసుకురా. కానీ ఒక్క మాట. అసలేమీ వినపడకపోతే నాకు పని సాగదు. అతుకు సరిగ్గా పడిందో లేదో రేకు మోగితేనే కదా నాకు తెలిసేది?"

"వెనక అటకమీద ఉంచితే? నీ దగ్గర కాస్త మిగులుతుంది, వీధిలోకి పోయేది అది తినేస్తుంది."

"అలాగైతే సరే. ఎవరికీ చెప్పనులే. చెప్పినా, నేను మాట్లాడితే వినేదెవరు, సుత్తి పక్కన పెట్టు అంటారు గానీ" అని నవ్వాడు.

గుటకను బట్టల బండిలో పడుకోబెట్టి, మీద దుప్పట్లు కప్పి, పట్టపగలే బయల్దేరారు. ముందు అక్క వెనక్కి నడుస్తూ బండిని లాగుతోంది. చెల్లెలు ఒక పక్క దుప్పట్లు జారకుండా పట్టుకుంది. వెనకనుంచి టీచరుగారు తోస్తున్నారు. అన్నాళ్లు గదిలో ఉన్న గుటక వీధి మోత సోకగానే దుప్పట్ల కిందే చెవులు విప్పుకుంది.

బండి వెళ్లేకొద్దీ వీధి మూగబోయింది. కూరగాయలమనిషి నోరంతా తెరిచి అరుస్తున్నాడు, అరుపు లేదు. మోటారుసైకిలాయన బండి ఆగిపోయిందనుకుని దిగి, చక్రం తిరుగుతుండడం చూసి బుర్ర గోక్కున్నాడు. ఒక కుక్క మొరిగి, తన మొరుగు తనకే వినపడక, తోక ముడుచుకుని కూర్చుంది. చెల్లెలికి నవ్వు ఆగడం లేదు. అక్కకు చెమటలు పోస్తున్నాయి.

మలుపు దగ్గర గోడౌనులోంచి లారీ ఒకటి వెనక్కి వస్తోంది. డ్రైవరు హారను కొడుతూనే ఉన్నాడు. ఆ హారను ఎక్కడికి పోతోందో చెప్పనక్కర్లేదు. అక్క వీపు లారీవైపు ఉంది. టీచరుగారు చూశారు. "పెద్దమ్మాయీ!" అని కేక వేశారు. కేకా పోయింది. అప్పుడావిడ బండి పిడి రెండుచేతులా పట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి ఒక్క గుంజు వెనక్కి గుంజారు. బండితోపాటు అక్క ముందుకొచ్చి బోర్లాపడింది. లారీ వెనకచక్రం ఆమె నిలబడి ఉన్నచోటుమీదినుంచి పోయింది.

డ్రైవరు దిగొచ్చి చేతులూపుతూ ఎడాపెడా తిట్టాడు. ఒక్క తిట్టూ ఎవరి చెవినా పడలేదు. ఆయన ఎర్రబడ్డ మొహం చూస్తూ ముగ్గురూ వినయంగా తలలూపారు. ఆయన వెళ్లాక అక్క లేచి, రక్తం కారుతున్న మోకాలు కూడా చూసుకోకుండా, టీచరుగారి రెండుచేతులూ పట్టుకుంది. ఏదో అంది. టీచరుగారికి అది వినపడలేదు. ఆవిడ తన కొంగుతో ఆమె మోకాలు తుడిచి, మళ్లీ బండి తోశారు.

అటకమీద గోనెసంచులు పరిచి ఉన్నాయి. గుటక వాటిమీద ఒకసారి గుండ్రంగా తిరిగి పడుకుంది. కింద రేకుల బాబాయి, అతిథికి వడ్డించేవాడిలా మొహమాటంగా, సుత్తితో ఒక దెబ్బ వేశాడు. తర్వాత ఇంకోటి. తర్వాత పనిలో పడి అతిథిని మరిచిపోయాడు. వీధిలోని కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకుని, ఇదేమిటి ఇంత ప్రశాంతంగా ఉంది అన్నట్టు మనుషులు తొంగిచూశారు.

ఎండలు ముదిరేసరికి గుటకకు కొత్తబొచ్చు వచ్చింది, రేకు మెరుపులాంటి నిగారింపుతో. అంత బలిసిందంటే అటక చెక్కలకు ఆయన ఇంకో రెండు దూలాలు వేయాల్సి వచ్చింది. చెల్లెలు పనిబట్టలు తెచ్చే నెపంతో రోజూ వెళ్లి చూసొచ్చేది. "పొద్దున తెచ్చిన బట్టలు సాయంత్రానికే మాస్తాయా తల్లీ?" అని ఆయన నవ్వేవాడు. ఇంటికొచ్చాక మాత్రం వెనకగదిలో ఆ ఖాళీ మూలవైపు చూడకుండా పని చేసుకునేది. అక్క అది గమనించి, తాబేలు తొట్టిని ఆ మూలకు జరిపింది.

మేడమీద పాఠాలు మళ్లీ మొదలయ్యాయి. మొదట్లో వచ్చింది ఇద్దరే పిల్లలు. తర్వాత తక్కినవాళ్లు వచ్చారు. కొత్తగా చేరినవాళ్లు వాయిస్తుంటే కింద ఇస్త్రీ చేస్తున్న చెల్లెలు చెవులు మూసుకునేది.

"టీచరుగారూ, గుటకను వారానికోసారి మీ ఇంట్లో కూర్చోబెడదామా? ఆ గీకుడంతా తినేస్తుంది, మంచిదే మిగులుతుంది" అంది ఒకసారి.

"వద్దమ్మా తల్లీ. తప్పు నాకు వినపడకపోతే దిద్దేదెట్లా? ఆ గీకుడు విని ఎన్నాళ్లైంది! విననీ."

క్షమించానని ఆవిడ ఎప్పుడూ అనలేదు. అక్క అడగలేదు. కొన్నాళ్లు అక్కతో ముక్తసరిగా మాట్లాడేవారు. అయినా రోజూ పాఠాలు మొదలయ్యేముందు కిందికి దిగి, నీడపిట్టలకు రొట్టెముక్కలు వేసి వెళ్లేవారు. అలా వేస్తూ వేస్తూ ఒకరోజు, "మీరిద్దరూ కలిసి ఎక్కడికైనా వెళ్లారా ఎప్పుడైనా?" అని అడిగారు.

అక్కాచెల్లెళ్లు మొహమొహాలు చూసుకున్నారు. అమ్మ పోయినప్పటినుంచీ వెళ్లలేదు. ఒకరు బయటికి వెళితే ఒకరు ఇంట్లో ఉండాల్సిందే.

"రేపు నాకు పాఠాలు లేవు. బీరువా ఎలా జరపాలో నాకు తెలుసు. పొండి" అన్నారు ఆవిడ.

బస్సెక్కి సముద్రం దగ్గరికి వెళ్లారు. ఉన్న ఊళ్లో సముద్రమే అయినా కలిసి చూడడం అదే మొదలు. చెల్లెలు ఐస్‌క్రీము కొనుక్కొచ్చింది. అక్క చెప్పులు చేత్తో పట్టుకుని ఇసుకలో బిగుసుకుని కూర్చుంది.

"నిప్పుబల్లికి కట్టెపెట్టడం ఆవిడకు చేతనవుతుందంటావా?"

"అవుతుంది."

"తాబేలు తొట్టి నిండిపోతే పొర్లుతుందే."

"పొర్లితే తుడుస్తారు. ఐస్‌క్రీము కారిపోతోంది, ముందు అది తిను."

అక్క తిన్నది. అలలు వచ్చి పోతున్నాయి. చెల్లెలు లేచి నీళ్లలోకి వెళ్లి, చిన్నపిల్లలా గెంతుతూ రమ్మని పిలిచింది. అక్క కాసేపు బెట్టుచేసి, చెప్పులు ఇసుకలో వదిలేసి వెళ్లింది. మోకాలిమీద మచ్చకు ఉప్పునీళ్లు తగిలి చురుక్కుమంటే "అబ్బా" అని గట్టిగా అరిచి, తన అరుపు తనకే వినపడినందుకు నవ్వింది.

సాయంత్రం బస్సు వచ్చి ఆగింది. చెల్లెలు చెప్పులు వెతుక్కుంటూ, "పద అక్కా, బస్సొచ్చింది" అంది.

అక్క నీళ్లలోంచి వెనక్కి చూసింది.

"ఇంకో బస్సుంటుందిలే" అంది.